గ్రామ గ్రంథాలయము: ప్రణాళిక, నాయకత్వము

కొన్ని సంవత్సరములకు పూర్వము ఉద్యోగరీత్యా పర్యటించుచు డెల్టా ప్రాంతమున ఒక గ్రామమునకు వెళ్ళుట తటస్థించినది. రచ్చబండ ప్రక్కనే చిన్న పెంకుటిల్లు కనబడెను. గుమ్మముపై గ్రంథాలయము పేరును, స్థాపించిన సంవత్సరమును చెక్కిన రాయి ఉన్నది. తలుపునకు తాళము వేసి యున్నది. ఆ తాళము త్రుప్పు పట్టి యున్నది. విచారింపగా ఊరి పెద్దలు ఇట్లు చెప్పిరి. ఉపాధ్యాయులొకరు ఇరువదియైదేండ్లపాటు ఆ గ్రంథాలయమును కన్నబిడ్డవలె సాకిరి. పుస్తకములను ఎన్నుకొనువారు ఆయనయే. చందాలు వసూలు చేయువారు, రసీదులు వ్రాయువారు, సాయంకాలము దీపము వెలిగించువారు ఆయనయే. ఆయన కాలధర్మము చెందిన పిమ్మట బ్యాంకులో ఎంత సొమ్ము నిలువ యున్నదో, ఏ పుస్తకము ఎవరి యింట ఉన్నదో చెప్పగలవారు లేకపోయిరి. తాళపుచెవి ఒక యింటను, పద్దుల పుస్తకము మరియొక యింటను ఉండిపోయినవి. నాలుగేండ్లు తలుపు తెరువలేదు.

ఆ గ్రామమున పుస్తకములకు కొదవ లేదు. భవనము కలదు, చదువుకొన్నవారును కలరు. లేనివి రెండే. రాబోవు సంవత్సరములలో గ్రంథాలయము ఏమి చేయవలెనో వ్రాసి పెట్టుకొన్న ప్రణాళిక మొదటిది. ఆ ఉపాధ్యాయుల ప్రక్కన నిలిచి పని నేర్చుకొన్న మనిషి రెండవది. ఈ రెండును లేనిచో ఎంత గొప్ప త్యాగముతో స్థాపించిన గ్రంథాలయమైనను ఒక మనిషి ఆయుష్షుకన్న ఎక్కువ కాలము నిలువజాలదు. ఈ పాఠమున ఈ రెండు విషయములనే విచారింతము.

పూర్వులు చూపిన దారి

తెలుగువారికి గ్రంథాలయోద్యమము క్రొత్త కాదు. 1886వ సంవత్సరముననే విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమును నెలకొల్పిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దాని స్థాపకులు. ఆ నిలయము ఒక్కరి ఇల్లుగాక పలువురి పూనికగా మొదలైనదని గమనింపవలెను.

1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. ఎక్కడికక్కడ విడివిడిగా పనిచేయుచున్న గ్రంథాలయములు ఒక సంఘముగా ఏర్పడినవి. అయ్యంకి వేంకట రమణయ్యగారు ఆ సంఘమునకు ప్రాణమై నిలిచిరి. ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను నడపి, ఒక ఊరివారి అనుభవము మరియొక ఊరివారికి అందునట్లు చేసిరి. ఆయన కృషి ఫలితముగానే 1919వ సంవత్సరము నవంబరు 14వ తేదీన మద్రాసులో అఖిల భారత సభ సమావేశమైనది. నేటికిని ప్రతి సంవత్సరము గ్రంథాలయ వారోత్సవములు నవంబరు 14వ తేదీననే ఆరంభమగుచున్నవి.

ఆ తరమువారి పనిలో ముందుచూపు ఎట్లుండెనో తెలిసికొనుటకు పడవ గ్రంథాలయమే మంచి నిదర్శనము. గుంటూరు జిల్లా పెదపాలెమున పనిచేయుచున్న పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువపై పుస్తకముల పడవను నడిపించిరి. పెదవడ్లపూడికిని కొల్లూరునకును మధ్య కాలువ గట్టున ఉన్న గ్రామములవారు పడవ వచ్చినపుడు పుస్తకములు తీసికొని, మరల వచ్చినపుడు తిరిగి ఇచ్చుచుండిరి. ఆ కాలమున డెల్టా గ్రామములకు కాలువయే రాజమార్గము. పాఠకుడు ఎక్కడ ఉన్నాడు, అతనిని చేరుటకు మార్గమేది అను ప్రశ్న వేసికొనిన పిమ్మటనే పడవ కదలినది. ప్రణాళిక యనగా ఇంతకన్న వేరు కాదు.

బరోడా చెప్పు పాఠము

నాయకత్వ విషయమున బరోడా సంస్థానము ఉదాహరణ పనికివచ్చును. మహారాజా శాయాజీరావు గాయక్వాడు 1910లో అమెరికానుండి విలియం ఆలన్సన్ బోర్డెన్ అను గ్రంథాలయ నిపుణుని పిలిపించిరి. ఆయన గ్రంథాలయములను ఏర్పాటు చేయుటతో తృప్తి చెందక, స్థానికులకు ఆ పని నేర్పుటకు శిక్షణ తరగతిని కూడ నడపెను. గ్రామములకు చెక్కపెట్టెలలో పుస్తకములను పంపు సంచార గ్రంథాలయ శాఖ ఏర్పడినది. గ్రామస్థులు కొంత సొమ్ము కూర్చినచో అంతే సొమ్మును స్థానిక పంచాయతీయు, అంతే సొమ్మును ప్రభుత్వమును ఇచ్చు పద్ధతి కూడ అక్కడ అమలు జరిగినది.

1913లో బోర్డెన్ స్వదేశమునకు మరలిపోయెను. ఆయన వెళ్ళగానే పని కుంటుపడి యుండవలసినది; కాని అట్లు జరుగలేదు. జనార్దన కుడాల్కరుగారు ఆ బాధ్యతను స్వీకరించి ముందునకు నడిపిరి. 1919 నాటి మద్రాసు సభకు అధ్యక్షత వహించినవారు ఈ కుడాల్కరుగారే. మూడేండ్లు మాత్రమే ఉండబోవు పరదేశి, తాను లేనినాడు పని నడపువారిని ముందే తయారుచేసి వెళ్ళెను. ఇరువదియైదేండ్లు సేవచేసిన మన ఉపాధ్యాయులకు ఆ ఆలోచన తట్టకపోయెను. సేవలో ఆయన ఎవరికిని తీసిపోరు. తేడా అంతయు ఈ ఒక్క విషయముననే కలదు.

1929లో మద్రాసు గ్రంథాలయ సంఘము వేసవి శిక్షణ పాఠశాలను తెరచినది. ఆ సంఘమునకు ఆచార్య ఎస్. ఆర్. రంగనాథన్‌గారు మూలపురుషులు. గ్రంథాలయమును పెరుగుదల గల ప్రాణితో పోల్చినవారు ఆయనయే. ప్రాణి పెరుగుటకు ఆహారము కావలెను. గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకము ఎట్టి ఆహారమో, క్రొత్త కార్యకర్తయు అట్టి ఆహారమే.

ప్రణాళిక వ్రాయు విధము

పైన చెప్పిన గ్రామమునకు రెండేండ్ల పిమ్మట మరల వెళ్ళితిని. తలుపు తెరచి యున్నది. పంచాయతీవారు సభ చేసి ఏడుగురితో కార్యవర్గమును ఏర్పరచిరి. పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు, ట్రాక్టరు మరమ్మతు చేయు యువకుడు, ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్న యువతి, డ్వాక్రా సంఘమునుండి ఇద్దరు మహిళలు, ఒక కౌలురైతు, ఒక ఉపాధ్యాయిని అందలి సభ్యులు. వారు చేసిన పని క్రమమును ఇచ్చట చెప్పుచున్నాను. ఏ గ్రామమువారైనను దీనిని అనుసరింపవచ్చును.

మొదటిది, ఉన్నదానిని లెక్కించుట. తాళము పగులగొట్టి స్టాకు రిజిష్టరును ముందు పెట్టుకొని ఒక్కొక్క పుస్తకమును సరిచూచిరి. రిజిష్టరులో 2,300 పుస్తకములు ఉండగా, బాగున్నవి 1,460, చెదలు తిన్నవి 390, కనబడనివి 450. తక్కువ తేలినందుకు ఎవరిని నిందింపలేదు. పుస్తకము తిరిగి ఇచ్చినవారిని ఏమియు అడుగబోమని టముకు వేయించి, ఒక వారము గడువు పెట్టిరి. 170 పుస్తకములు తిరిగి వచ్చినవి. కొందరు రాత్రివేళ అరుగుపై పెట్టి పోయిరట!

రెండవది, ఊరిని తెలిసికొనుట. ఇద్దరిద్దరుగా విడిపోయి రెండు ఆదివారములలో ఇంటింటికిని వెళ్ళిరి. మూడు ప్రశ్నలే అడిగిరి. మీ యింట చదువగలవారు ఎందరు? ఏమి చదువ గోరుదురు? గ్రంథాలయమునకు ఎందువలన రాకుంటిరి? చివరి ప్రశ్నకు వచ్చిన సమాధానములు కార్యవర్గము కన్నులు తెరిపించినవి. సాయంకాలము ఆరు గంటలకు తలుపు తెరచుట పూర్వపు ఆచారము. ఆ వేళ స్త్రీలు వంటపనిలో ఉందురు. కూలిపని చేయువారికి అప్పుడే ఇంటికి వచ్చు సమయము. పరీక్షలకు చదువువారికి తెల్లవారుజామున నిశ్శబ్దమైన చోటు కావలెను. వృద్ధులకు కంటిచూపు తక్కువగుటచే చిన్న అక్షరములు కనబడవు. అక్షరము రానివారు, తమకు అక్కడ ఏమి పని యని అడిగిరి. ఆ విధముగా ఊరిలో చదువరులు లేరను మాట తప్పని తేలినది. వేళయే చదువరులకు కుదురలేదు.

మూడవది, ఆశయములను నిర్ణయించుట. గ్రంథాలయమును అభివృద్ధి చేయుదుమని వ్రాసికొనిన అది కోరిక యగునుగాని ప్రణాళిక కాదు. ప్రతి ఆశయమునకును ఒక సంఖ్య, ఒక గడువు, బాధ్యత వహించు ఒక మనిషి ఉండవలెను. ఆ కార్యవర్గము మూడేండ్లకు మూడే ఆశయములను పెట్టుకొన్నది. పుస్తకములను ఇంటికి తీసికొనిపోవువారిని 40 నుండి 150కి పెంచుట; వారిలో సగము మంది స్త్రీలు, బాలబాలికలు ఉండునట్లు చూచుట; ప్రతి శనివారము అక్షరము రానివారి కొరకు గంటసేపు పత్రికాపఠనము జరుపుట. పది ఆశయములు పెట్టుకొని పదింటిని మరచుటకంటె మూడు పెట్టుకొని మూడును సాధించుట మేలు.

నాలుగవది, ధనమును పొందుపరచుట. ఏటికి 48,000 రూపాయలు కావలెనని అంచనా వేసిరి. పుస్తకములకు 18,000, దిన, వార, మాసపత్రికలకు 12,000, విద్యుత్తు, మరమ్మతులకు 8,000, పాత పుస్తకముల బైండింగునకు 4,000, బాలల, మహిళల కార్యక్రమములకు 4,000, నిలువకు 2,000. ఆదాయము వైపు 120 మంది సభ్యుల చందా నూరేసి రూపాయల చొప్పున 12,000. పంచాయతీ ఇచ్చునది 12,000. మిగిలిన 24,000 విరాళములు. విరాళములను అడుగుటకు సంక్రాంతిని ఎన్నుకొనిరి. పంట ఇల్లు చేరిన వేళ ఇచ్చు చేయి వెనుకాడదు. జమాఖర్చుల పట్టికను ప్రతి నెల మొదటి తేదీన గ్రంథాలయపు గోడపై అంటించుచున్నారు. లెక్క కంటికి కనబడిన చోట అనుమానమునకు తావుండదు.

ఐదవది, సమీక్షించుకొనుట. మూడు నెలలకు ఒకసారి కూర్చుండి, అనుకొన్నదెంత, జరిగినదెంత అని చూచుకొనవలెను. ఎరువుల రిజిష్టరు లేని సేద్యమువలె, పుస్తకములు ఇచ్చు రిజిష్టరును చదువని గ్రంథాలయము గ్రుడ్డిగా నడచును. ఏ బీరువాలోని పుస్తకములు కదలుట లేదో, ఏ పుస్తకమునకై నలుగురు ఎదురుచూచుచున్నారో ఆ రిజిష్టరే చెప్పును. మొదటి సమీక్షలో, పెద్ద ఖర్చుతో కొనిన బరువైన గ్రంథములు కొన్ని ఒక్కసారియు బయటికి పోలేదని తేలినది. పశుపోషణ, కూరగాయల సాగు, బాలల కథలు మాత్రము నలిగిపోయినవి. రెండవ యేటి కొనుగోలు పట్టిక దానినిబట్టి మారినది. ‘కుండలో కూడు కుండలోనే ఉండవలె, బిడ్డ దుడ్డువలె ఉండవలె’ నను సామెత గ్రంథాలయమునకు పనికిరాదు. పుస్తకము చేతులు మారి నలిగిననే దానికి సార్థకత.

నాయకత్వమునకు నారుమడి

ప్రణాళిక కాగితముపై ఉండును, నడపువారు మనుష్యులు. నారుమడి వేయని రైతు నాట్లకాలమున పొరుగువాని గట్టున నిలిచి అడుగుకొనవలసి వచ్చును. గ్రంథాలయమునకును ఒక నారుమడి కావలెను. నాయకుడు పుట్టునని కూర్చుండక పెంచుకొనవలెను. అందులకు కొన్ని సులభమైన ఏర్పాట్లు కలవు.

ప్రతి బాధ్యతకును ఇద్దరు ఉండవలెను. గ్రంథపాలకునకు సహాయకుడు, కోశాధికారికి తోడు మరియొకరు ఉండి తీరవలెను. తాళపుచెవులు రెండు చేయించి ఇద్దరి యొద్ద ఉంచవలెను. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకముతో నడువవలెను. ఇది ఒకరిపై అపనమ్మకము వలన చేయునది కాదు. ఒకరు జబ్బుపడినను, పెండ్లికి వెళ్ళినను, ఊరు విడిచినను పని ఆగకుండుటకే.

పదవికి గడువు ఉండవలెను. కార్యదర్శి పదవి రెండేండ్లు. మరల ఎన్నుకొన్నచో ఇంకొక రెండేండ్లు. అటుపై వారు సలహాదారులుగా ఉండి క్రొత్తవారికి తోడ్పడవలెను. దిగిపోవు కార్యదర్శి రిజిష్టరులు, రసీదుపుస్తకములు, సభ్యుల జాబితా, ఇవ్వవలసిన బాకీలు, రావలసిన సొమ్ములు వ్రాతపూర్వకముగా అప్పగింపవలెను. తలలో ఉన్న లెక్క తలతోనే పోవును. పుస్తకములో ఉన్న లెక్క ఊరికి మిగులును.

పిన్నలకు నిజమైన పని అప్పగింపవలెను. కుర్చీలు వేయుట, తోరణములు కట్టుట మాత్రమే యువకులకు ఇచ్చి, నిర్ణయములన్నియు పెద్దలే చేసినచో పిన్నలు రెండు నెలలలో రాకుందురు. ఆ గ్రామమున బాలల గంటను తొమ్మిదవ తరగతి బాలికలు ఇద్దరు నడుపుచున్నారు. బాలల పుస్తకములకై కేటాయించిన సొమ్ముతో ఏమి కొనవలెనో వారే నిర్ణయింతురు. మొదటిసారి వారు కొనిన పుస్తకములు కొన్ని పనికిరానివిగా తేలినవి. పోస్టుమాస్టరుగారు వారిని కోప్పడలేదు. “అమ్మాయీ, రెండవసారి కొనుటకు ముందు నలుగురు పిల్లలను అడుగుడు” అని మాత్రము అనిరి. రెండవసారి వారు జాబితా వ్రాసికొని మరీ వెళ్ళిరి. కొన్ని వందల రూపాయలతో ఇద్దరు గ్రంథపాలకులు తయారైనచో అది నష్టమా, లాభమా?

స్త్రీలకు పేరునకు మాత్రమేగాక పనిలో భాగము ఇవ్వవలెను. డ్వాక్రా సంఘములను నడపిన మహిళలకు నెలనెల సభ చేయుట, తీర్మానము వ్రాయుట, పద్దు సరిచూచుట కరతలామలకము. అట్టి అనుభవము ఊరిలో ఉండగా గ్రంథాలయము దానిని విడుచుట అవివేకము. ఆ గ్రామమున కోశాధికారిగా డ్వాక్రా సభ్యురాలినే ఎన్నుకొనిరి. మధ్యాహ్నము రెండు నుండి నాలుగు గంటల వరకు తలుపు తెరచి యుండవలెనని పట్టుపట్టి సాధించినది ఆమెయే. ఆ రెండు గంటలలోనే స్త్రీ పాఠకుల సంఖ్య పెరిగినది.

చివరకు, శిక్షణ. పుస్తకములకు సంఖ్య వేయుట, వర్గీకరించుట, రిజిష్టరులు వ్రాయుట నేర్చుకొనదగిన విద్యలు. సమీప శాఖాగ్రంథాలయపు గ్రంథపాలకుని యొద్దకు ఏటికి ఇద్దరిని పంపి, వారము దినములు ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనునట్లు చేయవచ్చును. ఆసక్తి మిక్కుటముగా గలవారు గ్రంథాలయ శాస్త్రమున సర్టిఫికెటు పరీక్షకు చదువవచ్చును. దానివలన ఊరికి సేవయు, తమకు జీవనోపాధియు సమకూరును.

ప్రభుత్వము, ప్రజలు

గ్రామస్థులు ఈ పనిలో ఒంటరివారు కారు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము 1960లో వచ్చినది. అంతకు పూర్వము ఆంధ్ర ప్రాంతమున 1948 నాటి మద్రాసు చట్టమును, తెలంగాణమున 1955 నాటి హైదరాబాదు చట్టమును అమలులో ఉండెను. ఈ చట్టము ప్రకారము జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడ వసూలగును. రూపాయి పన్నుపై 8 పైసలు ఈ సెస్సు. ఇంటిపన్ను చెల్లించు ప్రతి గృహస్థుడును తనకు తెలియకయే గ్రంథాలయమునకు చందాదారుడగుచున్నాడు. కనుక పన్ను సకాలమున చెల్లించుటయు, వసూలైన సెస్సు జిల్లా సంస్థకు చేరినదా యని గ్రామసభలో అడుగుటయు పౌరుల విధి. 1972లో కలకత్తాలో స్థాపింపబడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము రాష్ట్రముల ద్వారా గ్రంథాలయములకు పుస్తకముల సహాయము చేయుచున్నది.

అయితే సహాయము అడుగుటకు పోవువారి చేతిలో ప్రణాళిక ఉండవలెను. “మా గ్రంథాలయమునకు ఏమైన ఇప్పింపుడు” అని అడుగువానికంటె, “మా యొద్ద ఇన్ని పుస్తకములు, ఇందరు పాఠకులు కలరు, మూడేండ్లలో ఇంత సాధింపదలచితిమి, ఇంత మేము కూర్చుకొంటిమి, ఇంత తక్కువ పడినది” అని పట్టిక చూపువానికి ఏ కార్యాలయమునందైనను ఆదరము లభించును. శాఖాగ్రంథాలయములు ఉన్న గ్రామములలో కూడ పాఠకులు ఒక సంఘముగా ఏర్పడి గ్రంథపాలకునకు తోడ్పడినచో పని రెట్టింపగును.

నేడు ప్రతి యింట చేతి ఫోను ఉన్నది, ఇక గ్రంథాలయమెందుకని కొందరు అడుగుచున్నారు. సమాచారము చేతికి వచ్చినను, ఏది నిజమో ఏది కాదో విచారించు అలవాటు దానితోపాటు రాదు. నలుగురు కూర్చుండి చదివి, చర్చించు చోటు ఊరికి ఒకటైనను ఉండవలెను. ఫోనులోని మంచి పుస్తకములను, పరీక్షల సమాచారమును వెదకి చూపు పని కూడ గ్రంథాలయమే చేపట్టవచ్చును. దానికి మరల కావలసినది ఆ పని తెలిసిన యువతీయువకులే.

ఆ గ్రామమున మూడేండ్ల గడువు ఇంకను పూర్తి కాకమునుపే నేను వెళ్ళితిని. అప్పటికి పాఠకుల సంఖ్య 110. శనివారపు పత్రికాపఠనము మాత్రము వరికోతల కాలమున ఆగిపోయినది. ఆ మాట గోడమీది పట్టికలో దాపరికము లేకుండ వ్రాసిరి. దివంగతులైన ఉపాధ్యాయుల ఛాయాచిత్రము గోడపై ఉన్నది. దాని క్రింద మేకునకు ఒక తాళపుచెవి వ్రేలాడుచున్నది. రెండవది ఆనాడు బాలల గంట నడపుచున్న అమ్మాయి చేతిలో ఉన్నది.

పాఠక మహాశయులారా! ఈ మాసమున ఒక సాయంకాలము మీ ఊరి గ్రంథాలయమునకు వెళ్ళుడు. తాళపుచెవి ఎందరి యొద్ద ఉన్నదని అడుగుడు. ఒక్కరి యొద్దనే ఉన్నదని చెప్పినచో, ఆ రెండవ తాళపుచెవిని చేయించుటతో మీ ప్రణాళికను ఆరంభింపుడు.